టీడీఎస్ మీటరు తూకం వేయదు

కర్నూలు, కడప వీధుల్లో నీళ్ల ప్లాంటు నడిపేవాళ్ల జేబులో పెన్ను ఒకటి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం పదార్థాల) మీటరు ఒకటి ఉంటాయి. మీటరును బోరు నీళ్లలో ముంచితే అంకె చాలాచోట్ల వెయ్యి దాటుతుంది. క్యాన్ నీళ్లలో ముంచితే వంద లోపే నిలుస్తుంది. కొనేవాళ్లకు ఆ మాట చాలు. కానీ ఈ మీటరు నీళ్లలోని ఉప్పును తూచదు. దానికి తెలిసింది కరెంటు ఒక్కటే.

గ్లాసు క్యాన్ నీళ్లలో చెంచాడు చక్కెర కలిపి చూడండి. లీటరు లెక్కన పాతికవేల మిల్లీగ్రాముల దాకా కరిగినా అంకె పైకి కదలదు. అదే చిటికెడు ఉప్పు వేస్తే ఒక్కసారిగా ఎగబాకుతుంది. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం ఉంటాయి. అవి ఉప్పు స్ఫటికాన్ని చుట్టుముట్టి సోడియం అయాన్లను ఒకవైపు, క్లోరైడ్ అయాన్లను ఇంకోవైపు లాగేస్తాయి. చక్కెర కూడా కరుగుతుంది గానీ దాని అణువు ముక్కలు కాదు, ఆవేశం పుట్టదు. కరెంటును మోసేవి అయాన్లే.

సీమ బోరు నీళ్లలో ఆ అయాన్లకు కొదవలేదు. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కాల్షియం, బైకార్బొనేట్ అయాన్లు నీళ్లలో చేరతాయి. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను తొలిచింది ఈ పనే. మంగంపేట ముగ్గురాయి ఇందుకు పూర్తిగా ఎదురు. అది బేరియం సల్ఫేట్, లీటరు నీటిలో రెండు మూడు మిల్లీగ్రాములకు మించి కరగదు. బేరియం అయాన్లు విషమే అయినా, శుద్ధి చేసిన బేరియం సల్ఫేటును ఎక్స్‌రేకు ముందు రోగుల చేత తాగించగలుగుతున్నది అందుకే.

ఇక మీటరు గుట్టు. రెండు లోహపు పుల్లల మధ్య మామూలు బ్యాటరీ కరెంటు పంపితే అయాన్లు ఎదురు పుల్ల దగ్గర పోగుపడతాయి, వాయు బుడగలు లేస్తాయి, కొలత గాడి తప్పుతుంది. 19వ శతాబ్దంలో ఎందరినో తిప్పలు పెట్టిన చిక్కు ఇది. 1870 ప్రాంతంలో జర్మనీలో ఫ్రెడ్రిక్ కోల్‌రాష్ దీన్ని ఎంత తేలికగా విప్పాడో చూడండి. కరెంటు దిశను క్షణక్షణం మార్చేశాడు. అయాన్లు ఉయ్యాల ఊగినట్టు అటూ ఇటూ కదులుతాయే తప్ప ఏ పుల్ల దగ్గరా పోగుపడవు. ప్లాటినం పుల్లలు వాడి, వాటిమీద నల్లటి గరుకు ప్లాటినం పొర పెంచాడు. కొన్నేళ్లకు టెలిఫోను వచ్చింది. దాని రిసీవరును చెవికి ఆనించి, నిరోధాలను సరిచేస్తూ, మోత అణిగిన చోట కొలత రాసుకునేవాడు. కంటికి అందని అయాన్ల లెక్కను చెవితో పట్టడం కన్నా అందమైన ప్రయోగం భౌతికశాస్త్రంలో అరుదు. ముగ్గురాయి లాంటి కరగని లవణాలు నిజానికి ఎంత కరుగుతాయో కూడా ఈ పద్ధతితోనే తేలింది.

కరెంటు పంపకముందే అయాన్లు నీళ్లలో విడిపోయి ఉంటాయని 1884లో స్వాంటే అర్హీనియస్ అనే పరిశోధక విద్యార్థి అంటే ఉప్సాలా విశ్వవిద్యాలయం ఆ సిద్ధాంత వ్యాసానికి తక్కువ శ్రేణి ఇచ్చింది. 1903లో ఆయనకే రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. తర్వాత చిప్పులు వచ్చాయి, ప్రయోగశాల బల్లంత పరికరం జేబులోకి దిగింది.

ఇవాళ్టి మీటరు గుండీ బ్యాటరీతోనే దిశ మారే కరెంటు పుట్టిస్తుంది. వచ్చిన వాహకతను 0.5 నుంచి 0.7 మధ్య ఒక గుణకంతో హెచ్చవేసి టీడీఎస్‌గా చూపిస్తుంది. డిగ్రీ వేడి పెరిగితే వాహకత దాదాపు 2 శాతం పెరుగుతుంది. అందుకే వేడిని సరిచేసే ఏర్పాటు లేని మీటరు మే నెల ఎండలో కాగిన నీళ్లకు ఎక్కువ అంకె చూపిస్తుంది.

ఏ అయాను ఎంత ఉందో మాత్రం ఇది చెప్పలేదు. తాగునీటిలో లీటరుకు టీడీఎస్ 500, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్య పరిమితి అన్నది భారత ప్రమాణం. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా 400 చూపే మీటరులో దాని జాడే తెలియదు. బ్యాక్టీరియా సంగతి అసలే తెలియదు. బోరు నీళ్లు నేరుగా తాగే ఇళ్లవాళ్లు మీటరు అంకెను నమ్మి ఊరుకోకుండా, సీసాడు నీళ్లు పట్టుకెళ్లి ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి.