ఆచూకీ కోరువారి ధర్మము

*ఒక మనిషి తప్పిపోయినప్పుడు వేయిమంది ఫోనులలో వెదకుచున్నారు. వారి జాలి ఫలింపవలెనన్న దానికొక క్రమశిక్షణ కావలెను.*

ఇల్లు వెడలిన మనిషి చీకటిపడినను తిరిగి రానినాడు ఇంటివారు మొదట బంధువులకు ఫోను చేయుదురు, పిమ్మట ఠాణాకు పోవుదురు. నేడు ఈ రెంటి నడుమనే ఆ మనిషి ఫొటో వాట్సాప్ గ్రూపులలో ప్రవేశించి ఏలూరు, తాడేపల్లిగూడెము దాటి హైదరాబాదు, డల్లాసుల వరకు పోవుచున్నది. అంతలోనే కబుర్లు మరలివచ్చును. ఉదయము ఏలూరు స్టేషనులో చూచితిమని ఒకరు, అదేవేళకు తాడేపల్లిగూడెము బస్టాండులో టీ త్రాగుచుండగా చూచితిమని ఒకరు, ఆకివీడు దారిలో బండి ఎక్కించుకొంటిమని వేరొకరు చెప్పుదురు. ఈ తునుకలను కూర్చి, వేళలను పటముమీద గుర్తించి, ఆచూకీ సాధింపబూనిన ఔత్సాహికుల సంఖ్య ఏటేట పెరుగుచున్నది. వారి శ్రమయందు కరుణ కలదు, బుద్ధికుశలత కలదు. అది దారి తప్పినచో కలుగు కీడును తక్కువది కాదు.

పొసగని మాటల విలువ

రెండు వార్తలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ఒకటి నిజమనియు, రెండవది అబద్ధమనియు వెంటనే తేల్చివేయుట కొత్తవారి మొదటి తొందరపాటు. ఏలూరునకు రైలు స్టేషను ఒక్కటే కాదు: ఏలూరు ఒకటి, పవర్‌పేట ఒకటి. "ఏలూరు స్టేషనులో" అన్న సాక్షి నిజమునకు పవర్‌పేట ప్లాట్‌ఫారముమీద నిలిచియుండవచ్చును. సీసీ కెమెరా గడియారము కొన్ని నిమిషములు ముందుండవచ్చును. మనిషి జ్ఞాపకము మంగళవారమును బుధవారముగా మార్చవచ్చును. కావున పొసగని రెండు మాటలను సరిదిద్దక యథాతథముగా వ్రాసి, ఎవరు చూచిరి, ఏ వేళకు చూచిరి, ఎంత దూరమునుండి చూచిరి, తామే చూచిరా లేక వినిరా అన్న నాలుగు ప్రశ్నలను ప్రతి వార్తకును తగిలించుట వెదకువాని ప్రథమ కర్తవ్యము.

ఈ ప్రశ్నల విలువను తెలుగునాడు ఒకనాడు గొప్ప దుఃఖముతో గ్రహించినది. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము 8.38కి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు చిత్తూరు జిల్లా అనుపల్లిలో రచ్చబండ జరుపుటకై బేగంపేటనుండి బెల్ 430 హెలికాప్టరులో బయలుదేరిరి. ఒక గంట గడచునప్పటికి దానితో సంబంధము తెగిపోయెను. హెలికాప్టరు క్షేమముగా దిగినదనియు, వారు రోడ్డుమార్గమున పోవుచున్నారనియు వార్తలు పుట్టెను. అవి నిజము కావనియు వార్తలు వచ్చెను. ఒకవంక నల్లమలలో వాన కురియుచుండగా బలగములు అడవిని గాలింప, మరొకవంక వాయుసేన విమానములును, ఇస్రో ఉపగ్రహమును ఆ నేలను చిత్రించుచుండెను. మరునాటి ఉదయము పావురాలగుట్టపై శకలములు కానవచ్చెను, అందున్న ఐదుగురును మరణించియుండిరి. క్షేమముగా దిగిరన్న వార్తకు కన్నులార చూచిన సాక్షి యుండుటకు వీలే లేదు. "ఎవరు చూచిరి?" అని ఒక్కరు నిలవేసి అడిగియుండినచో ఆ ఆశాభంగము కొంత తగ్గియుండెడిది.

రెండు అన్వేషణలు

2007 జనవరి 28న ప్రఖ్యాత కంప్యూటరు శాస్త్రవేత్త జిమ్ గ్రే తల్లి అస్థికలను సముద్రమున కలుపుటకై శాన్ ఫ్రాన్సిస్కోనుండి ఒంటరిగా పడవలో పోయి మరల రాలేదు. మిత్రులు ఉపగ్రహ చిత్రములను తెప్పించి, చిన్న చిన్న ముక్కలుగా విభజించి ఇంటర్నెట్టులో ఉంచగా వేలకొలది స్వచ్ఛంద సేవకులు వాటిని పరికించిరి. వారికి వేయబడిన ప్రశ్న ఒక్కటే: ఈ ముక్కలో పడవను పోలినది ఏదైన కలదా? కలదన్న వాటిని నిపుణులు పరిశీలించిరి. పడవ దొరకలేదు; అయినను ఆ వెదకులాటలో ఏ మనిషికిని హాని కలుగలేదు.

2013 మార్చిలో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరమున భారతీయ సంతతికి చెందిన ఒక విద్యార్థి తప్పిపోయెను. కుటుంబము ఫేసుబుక్కులో పేజీ తెరచి ఆతనికై వెదకుచుండగా, ఏప్రిల్ 15న బోస్టన్ మారథానులో బాంబులు ప్రేలెను. అనుమానితుల ఫొటోలు వెలువడినంతనే అంతర్జాలములోని ఔత్సాహికులు పోలికలు పట్టి ఈ తప్పిపోయిన యువకునే నేరస్థునిగా నిర్ణయించిరి. దూషణలు తాళలేక ఆ కుటుంబము కుమారుని వెదకు పేజీనే మూసికొనవలసివచ్చెను. ఏప్రిల్ 23న ఆతని దేహము నదిలో దొరికెను, ఆతడు నిర్దోషి. ఒక అన్వేషణ చిన్న ప్రశ్నకు కట్టుబడెను. రెండవది తీర్పు చెప్పుటకు తెగించెను. ఈ రెంటి భేదమునే నేటి యువకులు నేర్వవలెనని నా దృఢ విశ్వాసము.

కొల్లేటి నేలపై

మన ప్రాంతమున పటము చూచి నిర్ణయించుట మరింత కష్టము. కృష్ణా గోదావరుల నడుమ బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీటిని నింపుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపు కొల్లేరు, వేసవిలో ఒక రూపమునను వానలలో వేరొక రూపమునను ఉండును. 2006లో చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున తెగగొట్టిరి. కావున పాత ఉపగ్రహ చిత్రములోని గట్టు నేడు దారి కాకపోవచ్చును, నేటి దారి ఆ చిత్రములో లేకపోవచ్చును. గుఱ్ఱపుడెక్క కప్పిన నీరు పైనుండి పచ్చిక బీడువలె తోచును. ఏ గట్టుపై రాత్రివేళ మోటారుసైకిలు పోగలదో, ఏ లంకకు దోనె లేనిదే చేరరాదో, చెరువు కాపలావానికి తెలియును. దూరదేశమున తెరముందు కూర్చున్నవానికి తెలియదు. ఇట్టి స్థానికుని సాక్ష్యమును సేకరించుటకు పూనుకొన్న ఔత్సాహికుడు నిజమైన సేవ చేసినవాడగును.

పరిపాలన హద్దులును ఒక చిక్కే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోగా ఏలూరు ఒక జిల్లాకును, తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరికిని చెందెను. రైలులో పోయిన మనిషి విషయమున రైల్వే పోలీసులును చేరుదురు. "మా పరిధి కాదు" అన్న మాటకు కుటుంబము వెనుదిరుగనక్కరలేదు: నేరము జరిగినదన్న సమాచారమున్నచో ఏ ఠాణాలోనైనను జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయవలెనని 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత విధించుచున్నది. పిల్లలు తప్పిపోయిన ప్రతి ఫిర్యాదునకును ఎఫ్‌ఐఆర్ వ్రాయవలెనని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించెను. ఈ సంగతిని ఆందోళనలో మునిగిన తల్లిదండ్రులకు తెలిపి వెంట ఠాణాకు పోవుట, వంద ఊహాగానములకంటె మేలైన సహాయము. కాల్ రికార్డులు, టవరు వివరములు తెప్పించు అధికారము పోలీసులదే గనుక, సేకరించిన ప్రతి సమాచారమును వేళతో సహా వారికి అందజేయవలెను.

తప్పిపోయినవారిలో అలిగి పోయినవారుందురు, అప్పులకు జంకి పోయినవారుందురు, మతి చెదరి తిరుగు వృద్ధులుందురు. వీరిలో పలువురు తిరిగి వచ్చి, తమను గూర్చి ఊరంతయు వ్రాసినదానిని తమ ఫోనులోనే చదువుకొందురు. ఆ చదువరిని తలచుకొనియే ప్రతి వాక్యమును వ్రాయవలెను; ప్రేమవ్యవహారమని, దొంగతనమని, పిచ్చి అని నిరాధారముగా వ్రాసినవాడు ఆ మనిషి ఇంటిదారిని తానే మూసివేసినవాడగును. తిరిగి వచ్చిన మనిషి తన ఊరి బజారులో తలయెత్తి నడువగలిగిననాడే మన వెదకులాట ధర్మబద్ధమైనదని చెప్పుకొనుటకు అర్హులమగుదుము.