కొత్త రూపు దిద్దుకున్న పికప్ ట్రక్కు: కొనవలెనా, ఆగవలెనా?

జహీరాబాదు పట్టణానికీ సరుకుల బండ్లకూ గల సంబంధం నేటిది కాదు. పూణే నుండి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారిని మన పెద్దలు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డనే పిలుస్తారు. తెల్లవారుజామున ఆ రోడ్డు ప్రక్కన నిలబడితే మన ఎర్రనేలల అల్లం, ఆలుగడ్డ చిన్న ట్రక్కులలో హైదరాబాదుకో బీదరుకో తరలిపోవడం కనిపిస్తుంది. ఆ ట్రక్కులలో కొన్ని రైతుల సొంతం. ఎక్కువ భాగం కిరాయివి. కిరాయి ఇచ్చే ప్రతి రైతు మనస్సులోనూ ఏదో ఒకనాడు, ఈ బండి మనదే అయితే ఎంత బాగుండును అనే ఆలోచన మెదలుతుంది.

మా విద్యార్థి ఒకడు ఒకనాడు క్లాసు ముగిసిన పిమ్మట నా వద్దకు వచ్చి, "సార్, కొత్త మోడల్ పికప్ వచ్చింది. భాయ్ తీసుకుంటానంటున్నాడు. అమ్మీ తన గాజులు బ్యాంకులో పెడతానంటున్నది. మంచిదేనా సార్?" అని అడిగాడు. నేను తెలుగు పాఠం చెప్పుకునే వాణ్ణి. ఇంజను మూత ఎత్తి చూడడమే గాని లోపల ఏమున్నదో ఎరుగను. అయినా గాజుల మాట విన్న తరువాత, నాకు తెలియదని అతనిని పంపివేయలేకపోయాను. మెకానిక్కులనూ డ్రైవర్లనూ అడిగి, చట్టం పుస్తకం తిరగవేసి తెలుసుకొన్న సంగతులే ఈ వ్యాసం.

మొట్టమొదట విచారించవలసినది, కొత్తదనం ఎక్కడ ఉన్నదన్నది. బండి ముఖం మారవచ్చు. లోపలి సీట్లు, మీటర్ల పలక మారవచ్చు. వెనుక బాడీ పొడవు మారవచ్చు. ఇంజను, గేర్ బాక్సు, యాక్సిలు, కమాను పట్టీలు మారవచ్చు. షోరూములో అన్నిటికీ "కొత్త మోడల్" అనే ఒకే మాట వాడతారు. మహీంద్రా కంపెనీ 2022లో బొలెరో మ్యాక్స్ పికప్‌ను విడుదల చేసి, 2023 ఏప్రిల్‌లో దానిని సిటీ, హెచ్‌డీ అనే రెండు శ్రేణులుగా విస్తరించింది. మోయగల బరువు 1.3 టన్నుల నుండి 2 టన్నుల దాకా ఉన్నది. ముఖం, క్యాబిన్ మారాయి. బండి ఎక్కడున్నదో యజమానికి ఫోనులో తెలిపే ఏర్పాటు వచ్చింది. కాని డీజిల్ ఇంజను మాత్రం వెనుకటి పికప్పులలో ఉన్న రెండున్నర లీటర్ల వంశానికి చెందినదే. ఇది లోపమని నా అభిప్రాయం కాదు. పది సంవత్సరాలుగా మన మెకానిక్కుల చేతులు ఎరిగిన ఇంజను కొత్త చొక్కా తొడుగుకొని వచ్చిందంటే కొనేవానికి అది ధైర్యమే. ఇంజనే మొదటిసారి రోడ్డెక్కుతున్నదైతే, మొదటి సంవత్సరపు దోషాలను కనిపెట్టే పని మన డబ్బుతో జరుగుతుంది.

ఈ సంగతిలో మన ఊరికే ఒక పాత అనుభవం ఉన్నది. నేటి విద్యార్థులలో ఎందరు ఎరుగుదురో చెప్పలేను. 1980వ దశకంలో జపాను కంపెనీల సహకారంతో దేశంలో నాలుగు తేలిక ట్రక్కులు బయలుదేరాయి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. వీటిలో నాలుగవది మన జహీరాబాదుదే. బస్సు బాడీలు, రిఫ్రిజిరేటర్లు, గడియారాలు చేసిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ ఇక్కడ నిస్సాన్ క్యాబ్‌స్టార్‌ను తయారు చేసింది. అందమైన బండి, నిశ్శబ్దమైన బండి అని ఆనాటి వారు చెబుతారు. అయితే దాని భాగాలలో ఎన్నో జపాను నుండి రావలసినవే. 1985 తరువాత జపాను యెన్ విలువ వేగంగా పెరగడంతో దిగుమతి అయ్యే ప్రతి భాగమూ ప్రియమైపోయింది. 1986లో టాటావారు దేశీయంగా రూపొందించిన 407 ట్రక్కును తెచ్చారు. చూపులకు మోటుదే, కాని మన రోడ్లకూ మన బరువులకూ తట్టుకొన్నది. దాని భాగాలు ఊరూరా దొరికాయి. నాలుగు జపాను బండ్ల మధ్య అదే మార్కెట్టును గెలిచింది. ఆ దశకం ముగిసే నాటికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి చేరింది. అదే కర్మాగారం నుండి 2015లో జీతో అనే చిన్న ట్రక్కు వెలువడింది. టొయోటా పేరు గల బండి తరువాత డేవూ పేరు పెట్టుకొన్నది. ఐషర్, స్వరాజ్ నిలదొక్కుకొన్నాయి. కనుక జపాను బండి చెడ్డది, దేశీయం మంచిది అని ఈ కథకు అర్థం చెప్పుకోరాదు. క్యాబ్‌స్టార్ కొన్న యజమాని విడిభాగం కోసం ఎన్ని రోజులు ఎదురు చూచాడు, 407 యజమాని ఎన్ని రోజులు చూచాడు అన్న దానిలోనే అసలు విషయం ఉన్నది.

ఆ విడిభాగం సంగతి నేడు మరొక రూపంలో వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్ 6 పొగ నియమాలు అమలయ్యాయి. డీజిల్ బండి పొగను శుద్ధి చేసే ఏర్పాట్లు, వాటిని కనిపెట్టి ఉండే సెన్సార్లు వచ్చి చేరాయి. గాలి శుభ్రపడినందుకు సంతోషించవలసినదే. కాని పానా పట్టి బాగు చేసే కాలం పోయి, కంప్యూటరు తగిలించి రోగం తెలుసుకొనే కాలం వచ్చింది. కాబట్టి షోరూములో అడగవలసిన ప్రశ్న రంగు గురించి కాదు. సర్వీసు సెంటరు ఎంత దూరం, సెన్సారు చెడితే ఎన్నాళ్లకు వస్తుంది, అల్లం కోతల సమయంలో బండి ఆగిపోతే బదులు ఏమిటి అని అడగాలి.

చట్టం వైపున తెలుసుకోవలసినవి రెండు ఉన్నాయి. సరుకుతో కలిపి మొత్తం బరువు, అనగా గ్రాస్ వెయిట్, 3,000 కిలోలు మించని సరుకుల బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ పర్మిట్ నుండి మినహాయింపు ఇచ్చింది. కొద్దిగా పెద్ద మోడల్ తీసుకుంటే ఆ మినహాయింపు పోతుంది. ఇక లైసెన్సు మాటకు వస్తే, తేలిక వాహనపు లైసెన్సు గలవాడు 7,500 కిలోల లోపు గ్రాస్ వెయిట్ గల రవాణా వాహనం నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీతో వాదం పెరగకుండా ఈ తీర్పు ఎందరికో అండ. కాని టన్నున్నర బండిపై రెండున్నర టన్నులు వేస్తే ఏ తీర్పూ ఆదుకోదు. కమాను పట్టీ విరుగుతుంది, వారంటీ మాట ఎత్తేవాడుండడు.

ఇప్పుడు లెక్క. 2025 సెప్టెంబరు 22 నుండి సరుకుల బండ్లపై జీఎస్టీ 28 శాతం నుండి 18కి తగ్గింది. పన్నుకు ముందు ధర 8 లక్షలైన బండిపై ఇది 80,000 రూపాయల భేదం. మంచిదే. అయితే అప్పు పత్రం ఆ లాభాన్ని సులువుగా మింగగలదు. ఉదాహరణకు 8 లక్షల అప్పు, నాలుగేండ్ల గడువు, "ఎనిమిది శాతం ఫ్లాట్" వడ్డీ అనుకొందాం. వడ్డీ 2,56,000 అవుతుంది. నెల వాయిదా 22,000. వినడానికి ఎనిమిదే గాని, ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మొదటి అసలు మీదనే కడుతున్నాము గనుక, తగ్గే అసలుపై లెక్క కట్టి చూస్తే అది 14 శాతం దాటుతుంది. కామర్సు విద్యార్థులు ఈ లెక్క తమ ఇంట చేసి చూపితే చదువు సార్థకం. వడ్డీ అన్న మాటే మనస్సుకు పట్టని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంట ఈ చర్చ సంతకానికి ముందే పెద్దలతో జరగాలి, తరువాత కాదు.

మైలేజీ గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు. హైదరాబాదుకు పోను రాను 220 కిలోమీటర్లనుకొందాం. లీటరుకు 12 ఇచ్చే బండికి 18 లీటర్ల పైచిలుకు కావాలి. 14 ఇచ్చే బండికి 16 లీటర్లకు లోపే. నెలకు పన్నెండు ట్రిప్పులైతే భేదం సుమారు 31 లీటర్లు. తీసిపారవేయవలసినది కాదు. కాని నెలకు పన్నెండు రోజులే పని దొరికితే ఒక్కొక్క ట్రిప్పుపై వాయిదా భారమే 1,833 రూపాయలు. ఇరవై రెండు రోజులు దొరికితే 1,000. బండి మారినా మారకపోయినా ఈ రోజుల సంఖ్య మారదు. అది కొనేవాని పొలంలోనూ పరిచయాలలోనూ ఉన్నది.

కొత్త రూపు రాగానే పాత రూపు బండి ధర సెకండ్ హ్యాండ్ బజారులో కొంత దిగుతుంది. ఇంజను ఒకటే వంశమైనప్పుడు, మంచి చేతిలో నడిచిన పాత బండి తీసుకోవడం పిసినారితనం కాదు. షోరూములో మిగిలిన పాత నిల్వను కొత్త ధరకు అంటగడితే మాత్రం జాగ్రత్త పడాలి. తయారైన నెల, సంవత్సరం అడిగి చూడాలి. రేపు అమ్మేటప్పుడు అవతలివాడు మొదట అడిగేది అదే.

ఇంత చెప్పి, ఆ విద్యార్థి చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టి, మీ భాయ్ కిరాయి బండి పిలిచిన ప్రతి రోజూ, ఎన్ని బస్తాలు వేశాడో, ఎంత ఇచ్చాడో మూడు నెలలు వ్రాయుమన్నాను. అతడు నమ్మకంగా వ్రాశాడు. కోతల నెలలో పదమూడు రోజులు, తరువాతి నెలలో ఏడు, ఆ తరువాత నాలుగు. పదమూడింటిలో నాలుగు రోజులు బండి సగమే నిండింది. భాయ్ ఆ పేజీలు రెండుసార్లు తిప్పి చూచి ఏమీ అనలేదట. ఇరుగు పొరుగు రైతులిద్దరి సరుకు కూడా తానే వేస్తే రోజులు ఎన్ని పెరుగుతాయో చూద్దామని ఇప్పుడు వారి లెక్క కూడా అదే పుస్తకంలో వ్రాయిస్తున్నాడు. గాజులు ఇంకా ఇంటిలోనే ఉన్నాయి.