ఫిల్టరు ప్రవాహంలో ఆక్వేరియం మొక్కల నిలకడ - పరిగి ప్రాంత పరిస్థితులకు అన్వయం

ఆక్వేరియంలో నాటిన మొక్కలు రెండు మూడు రోజులలోనే ఊడి నీటిపై తేలుటకు ఫిల్టరు వేగమే కారణమని సాధారణంగా భావిస్తారు. ఇది సగం మాత్రమే నిజం. నీట మునిగి పెరిగే మొక్కల కాండములలో, ఆకులలో గాలి గదులుంటాయి. కావున వేరులేని ముక్క నిశ్చలమైన నీటిలో సైతం తేలుతుంది. ప్రవాహం దానిని పక్కకు లాగి, ఇసుకలో చేసిన గుంతను వదులు చేస్తుంది. వేరు పట్టిన పిమ్మట ఈ రెండు బలాలనూ మొక్కయే తట్టుకొనగలదు. అంతవరకే బయటి ఆధారం కావలెను. వరి నారు మూన తిరిగే దశను ఎరిగిన వ్యవసాయ విద్యార్థికి ఇందులో కొత్తదనమేమీ లేదు.

60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో 30 సెం.మీ. లోతున నీరుంటే అది 54 లీటర్లు. గంటకు 300 లీటర్లు తోడే ఫిల్టరు సెకనుకు సుమారు 83 ఘ.సెం.మీ. నీటిని పంపుతుంది. ఈ నీరు తొట్టి అడ్డుకోత మొత్తం మీద సమంగా పారినట్లయితే దాని వేగం సెకనుకు ఒక మిల్లీమీటరైనా ఉండదు. అదే నీరు 12 మి.మీ. గొట్టం నుండి వెలువడినపుడు వేగం సెకనుకు 74 సెం.మీ. కనుక మొక్కను పెకలించేది ఫిల్టరు సామర్థ్యం కాదు, ధార కేంద్రీకరణ. స్వేచ్ఛగా పారే ధార మధ్య వేగం రంధ్రపు వ్యాసానికి ఆరు రెట్ల దూరం దాటిన తరువాత దూరంతో పాటు తగ్గుతూ పోతుంది. 12 మి.మీ. ధారకు 30 సెం.మీ. దూరంలో ఇంకా సెకనుకు 18 సెం.మీ. వేగం మిగులుతుంది. అదే నీటిని 3 మి.మీ. రంధ్రాలు 20 గల అడ్డగొట్టం ద్వారా పంపితే, అంతే దూరంలో మిగిలేది 4 సెం.మీ. లోపే. తొట్టి గోడలు, ధారలు ఒకదానితో ఒకటి కలియుట వలన ఈ అంకెలు, వాటి నిష్పత్తి కొంత మారును. బిరుసైన మొక్కపై ఈడ్పు బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. కావున ఈ ఒక్క మార్పుతో ఆ బలం ఎంతో తగ్గుతుంది. వాలిస్నేరియా వంటి రిబ్బను ఆకుల మొక్కలు ప్రవాహానికి వంగి ఒదిగిపోవుట వలన వాటిపై బలం అంత తీవ్రంగా పెరగదు. ధారకు ఎదురుగా నాటవలసినవి అవే.

ఫిల్టరును ఆపివేయుట పరిష్కారం కాదు. నీటిలో కార్బన్ డయాక్సైడు వ్యాపనం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు మందం. ఆకును అంటియున్న నిశ్చల నీటిపొరను ప్రవాహమే పలుచన చేస్తుంది. అంతేగాక, గంటల తరబడి నీరు పారనిచో ఫిల్టరులోని నత్రీకరణ బాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. గొట్టాన్ని గాజు గోడ వైపుకు, లేదా నీటి పైమట్టానికి త్రిప్పితే చాలు.

పరిగి, హిందూపురం, పెనుకొండ ప్రాంతం గ్రానైటు నేల. పెన్న ముతక ఇసుక నుండి జల్లించి తీసిన 2-3 మి.మీ. రేణువులు ఇందుకు మిక్కిలి అనుకూలం. సన్నని ఇసుక మందంగా పరిస్తే అడుగున ఆక్సిజన్ లోపించి వేర్లు నల్లబడతాయి. పెద్ద గులకలు లేత వేరును పట్టియుంచలేవు. వేరు మొక్కలకు 5-7 సెం.మీ. మందం సరిపోతుంది. ఇసుకలో సున్నపు గులకలున్నవో లేవో నిమ్మరసం చుక్కలతో పరీక్షించవలెను. నురగ వస్తే విడిచిపెట్టుట మేలు, ఏలయన ఈ ప్రాంతపు బోరు నీరే సాధారణంగా కఠినం. వాలిస్నేరియా నీటిలోని బైకార్బోనేటును సైతం కిరణజన్య సంయోగక్రియకు వాడుకొనగలదు గనుక అట్టి నీటికి చక్కగా సరిపడును.

ముదిరిన వరి నారు కొనలను త్రుంచి నాటినట్లే, కాడ మొక్కల పొడవును తగ్గించి, కింది రెండు మూడు కణుపుల ఆకులు తీసి, ఏటవాలుగా గుచ్చవలెను. ఏటవాలు కాడపై ఇసుక బరువు ఎక్కువ పడుతుంది, కణుపుల వద్ద వేర్లు పుడతాయి. అంగడిలో కట్టలకు చుట్టి ఇచ్చే సీసపు పట్టీ కాండాన్ని నలిపి కుళ్ళునకు దారితీస్తుంది కనుక దానిని తొలగించుట మంచిది. అనూబియాస్, జావా ఫెర్న్‌ల కొమ్మును ఇసుకలో పూడ్చరాదు, పూడ్చిన కుళ్ళును. గ్రానైటు రాతికి నూలు దారంతో కట్టినచో కొన్ని వారాలలో వేళ్ళు రాతిని పట్టుకొంటాయి. దారం తరువాత దానంతటదే చివికిపోతుంది. క్రిప్టోకొరైన్ నాటిన కొత్తలో ఆకులు కరిగిపోయినంత మాత్రాన దానిని పెరికివేయరాదు, వేరు బ్రతికియుండును.

ఊడిన తునకల విషయం తొట్టితో ముగియదు. విస్తరణ శాస్త్రవేత్తలు ఎక్కువ శ్రద్ధ వహించవలసినదిక్కడే. మన నీళ్ళలో సహజంగా పెరిగే హైడ్రిల్లా 1950ల తొలినాళ్ళలో శ్రీలంక నుండి ఆక్వేరియం మొక్కగా ఫ్లోరిడాకు చేరి, అచ్చటి జలాశయాలకు తీరని బెడద అయినది. కణుపు గల చిన్న తునక చాలు, అది కొత్త మొక్క అవుతుంది. ఆక్వేరియంలకు అమ్మే దక్షిణ అమెరికా కబొంబా 2020లో కేరళలోని ఆవళ పాండి కాలువను గులాబి పూలతో నింపగా జనం చూడ వచ్చారు. ఆ అందం కింద కాలువ పూడుతున్నదని గ్రహించినవారు తక్కువ. గుర్రపుడెక్క కూడా మన దేశానికి అలంకార మొక్కగానే వచ్చినది.

జయమంగళి పరిగి సమీపాన పెన్నలో కలుస్తుంది. పరిగి పెద్ద చెరువు కింద ఆయకట్టు ఉన్నది. వర్షం వచ్చినపుడు మురుగు కాలువలోని తునక చేరగల దూరమెంతో చెప్పనవసరం లేదు. కావున తొట్టి నీరు మార్చునపుడు గుడ్డతో వడగట్టి, ఆ నీటిని చెట్ల పాదులకు పోయవలెను. గుడ్డపై మిగిలిన తునకలను ఎండలో పెళుసెక్కు వరకు ఎండబెట్టిన పిమ్మటనే కంపోస్టు గుంతలో వేయవలెను.