పూరా విన్నావా? పాతబస్తీ నుంచి రాయదుర్గం దాకా నాతో వచ్చే 7 పాడ్‌కాస్ట్‌లు

గత ఎన్నికల టైమ్‌లో నాకు 40 సెకన్ల రీల్ ఒకటి వచ్చింది. ఏదో పాడ్‌కాస్ట్ ఇంటర్వ్యూలోంచి కట్ చేసిన ముక్క. అందులో మాట్లాడుతున్నది మా పాతబస్తీ గురించే. వినగానే మండింది. వెంటనే మా గల్లీ గ్రూపులోకి ఫార్వర్డ్ కొట్టేశాను. పది నిమిషాల్లో నా చిన్నప్పటి దోస్త్ ఫోన్ చేశాడు. తిట్టలేదు. "పూరా సునా క్యా?" అని ఒక్క మాట అడిగి కట్ చేశాడు. తర్వాత గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి పూర్తి ఇంటర్వ్యూ విన్నాను. గంటా యాభై నిమిషాలు. ఆ 40 సెకన్లలో ఉన్నది గెస్ట్ సొంత అభిప్రాయమే కాదు. వేరేవాళ్లు అనే మాటను చెప్పి, అది ఎందుకు తప్పో ఆ తర్వాత పావుగంట వివరించాడు. రీల్‌లో ఆ పావుగంట లేదు. దోస్త్ మూడు వారాలు చాయ్‌కి రాలేదు. నా ప్లేలిస్ట్ మారింది అప్పటి నుంచే.

నేనుండేది శాలిబండ, ఆఫీసు రాయదుర్గం. మా వైపు మెట్రో ఇంకా రాలేదు కాబట్టి ఎంజీబీఎస్ దాకా ఆటో, అక్కడ రెడ్ లైన్, అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్. రానూపోనూ రెండున్నర గంటలు. అంత టైమ్‌లో పూర్తిగా వినదగ్గవి ఇవి.

పాలిటిక్స్

1. వీక్లీ షో విత్ జీఎస్: బీబీసీ తెలుగు ఎడిటర్‌గా జీఎస్ రామ్మోహన్ చేసిన షో. ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్క అంశం. అరుపుల్లేవు, నలుగురు ఒకేసారి మాట్లాడే డిబేట్ లేదు. వార్త వెనకున్న చరిత్ర ఏంటో ఒకాయన కూర్చుని నింపాదిగా చెబుతారు. పాలిటిక్స్ బోర్ అనుకునేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి.

2. సైబర్ డెమోక్రసీ: 2018లో మొదలైన సునో ఇండియా వాళ్ల ఇంగ్లీష్ పాడ్‌కాస్ట్. హోస్ట్ శ్రీనివాస్ కొడాలి. డేటా, ఆధార్, నిఘా లాంటివి సబ్జెక్ట్. "మనకెందుకులే" అనిపిస్తే ఈ సంగతి వినండి. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపారు. మాస్కు తీయమన్నారని, తీయకపోయినా ఫోటో తీసుకున్నారని ఆయన చెప్పారు. ఆ ఫోటో ఎందుకు, ఎక్కడికి వెళ్తుంది అని అడుగుతూ, ఫేషియల్ రికగ్నిషన్ వాడకం మీద తెలంగాణ హైకోర్టుకెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. మనం ఫేస్ అన్‌లాక్ స్పీడ్ గురించి వాదించుకునే టెక్నాలజీకి ఇంకో ముఖం కూడా ఉందని అర్థం కావాలంటే ఈ పాడ్‌కాస్ట్ వినాలి.

ఎంటర్‌టైన్‌మెంట్

3. ఫ్రాంక్లీ విత్ టీఎన్‌ఆర్: నిజానికి ఇది ఐడ్రీమ్ యూట్యూబ్ ఛానెల్‌లో వచ్చిన వీడియో ఇంటర్వ్యూల సిరీస్. స్క్రీన్ ఆఫ్ చేస్తే మాత్రం మంచి పాడ్‌కాస్టే. టీఎన్‌ఆర్ బలం ప్రశ్నలో కాదు, ప్రశ్న తర్వాత ఆగడంలో ఉంటుంది. గెస్ట్ చెప్పేదాకా ఓపిగ్గా ఉంటారు. 2021 మేలో కోవిడ్‌తో ఆయన చనిపోయారు. పాత ఎపిసోడ్లు ఇప్పుడు విన్నా పాతబడలేదు. ఒక చిక్కు: స్క్రీన్ ఆఫ్‌లో ప్లే అవ్వాలంటే యూట్యూబ్ ప్రీమియం కావాలి.

4. పూరి మ్యూజింగ్స్: 2020 లాక్‌డౌన్‌లో డైరెక్టర్ పూరి జగన్నాథ్ మొదలుపెట్టిన మోనోలాగ్స్. ఒక్కోటి కొన్ని నిమిషాలే. ఆయన చెప్పే ప్రతిదానికీ నేను తల ఊపను. కానీ ఇది ముక్క కాదు, చిన్నదైనా మొత్తం. మెట్రో మారేటప్పుడు సరిగ్గా సరిపోతుంది.

క్రియేటివ్ పని

5. హర్షణీయం: తెలుగు కథలు ఆడియోలో, రచయితలతో మాటలు, ఇంకా వేరే భాషల అనువాదకులతో ఇంటర్వ్యూలు. ఒక వాక్యాన్ని ఇంకో భాషలోకి తీసుకెళ్లడానికి ఎంత కుస్తీ పడతారో వింటే, యాప్‌లో ట్రాన్స్‌లేట్ బటన్ నొక్కేముందు ఓసారి ఆగుతారు.

6. కిరణ్‌ప్రభ టాక్ షోలు: 'కౌముది' వెబ్ పత్రిక ఎడిటర్ కిరణ్‌ప్రభ గారు కాలిఫోర్నియా నుంచి చేసేవి. సినిమావాళ్ల, రచయితల జీవితాలు కథలా చెబుతారు. మా అమ్మ కూడా వింటుంది. ఇంట్లో స్పీకర్‌లో పెట్టగలిగే పాడ్‌కాస్ట్ నా లిస్ట్‌లో ఇదొక్కటే.

7. సాంగ్ ఎక్స్‌ప్లోడర్: 2014 నుంచి హృషికేశ్ హిర్వే చేస్తున్న ఇంగ్లీష్ షో. పాట చేసినవాళ్లే దాన్ని విడగొట్టి డ్రమ్స్, బేస్, గొంతు వేరువేరుగా వినిపిస్తారు. చివర్లో పాట మొత్తం వస్తుంది. కొత్త బడ్స్ కొన్నప్పుడు నా టెస్ట్ ట్రాక్ ఇదే. విడిగా విన్న బేస్ చివర్లో దొరక్కుండా పోతే, ఆ బడ్స్ సెపరేషన్ వీక్ అన్నట్టే.

సెట్టింగ్స్

గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది. ఆండ్రాయిడ్‌లో నేను యాంటెనాపాడ్ వాడుతున్నా. ఫ్రీ, ఓపెన్ సోర్స్, యాప్‌లో యాడ్స్ ఉండవు. రాత్రే వైఫైలో డౌన్‌లోడ్ పెట్టుకోండి. 64 కేబీపీఎస్‌లో గంట ఎపిసోడ్ సుమారు 29 ఎంబీ, 128లో 58 ఎంబీ. సాయంత్రం మదీనా, చార్మినార్ మధ్య రద్దీలో నా ఫోన్‌లో స్ట్రీమింగ్ తిరుగుతూనే ఉంటుంది. తెలుగుకి 1.2 స్పీడ్ చాలు. అంతకంటే పెంచితే టీఎన్‌ఆర్ మౌనం కూడా మాయమైపోతుంది.

నాయిస్ క్యాన్సిలేషన్ మెట్రోలో ఆన్ చేయండి, లాడ్‌బజార్‌లో వద్దు. ట్రాన్స్‌పరెన్సీ మోడ్ పెట్టండి, లేదా ఒక బడ్ జేబులో వేసుకోండి. వెనకనుంచి వచ్చే ఆటో హారన్ మీ ఎపిసోడ్ అయ్యేదాకా ఆగదు.

దోస్త్ గ్రూపులోకి మళ్లీ రాలేదు. చాయ్‌కి మాత్రం వస్తున్నాడు. ఇప్పుడు మా ఇద్దరి మధ్య ఒకటే రూల్: క్లిప్ పంపకూడదు, పూర్తి ఎపిసోడ్ లింక్ పంపాలి, పక్కన నిమిషం రాయాలి. నిన్న రాత్రి వాడినుంచి సైబర్ డెమోక్రసీ లింక్ వచ్చింది. కింద ఒకటే లైన్: "22వ నిమిషం. కానీ మొదటినుంచి విను."