ఫ్లోరిడాలో చేపల వేటకు వెళ్తున్నారా? బోటు బుక్ చేసేముందే కెప్టెన్‌తో మాట్లాడుకోండి

ఇండియా నుంచి అమ్మీ అబ్బా వచ్చినప్పుడు ఫ్లోరిడాలో ఉన్న పిల్లలు డిస్నీతో పాటు చేపల వేటకు కూడా తీసుకెళ్లవచ్చు. టాంపాకు ఉత్తరాన, కారులో గంటకు కాస్త పైగా వెళ్తే హోమోసాసా నది వస్తుంది. భూమిలోని ఊటల నుంచి పుట్టి, దాదాపు 8 మైళ్లు పారి గల్ఫ్ సముద్రంలో కలుస్తుంది. ఊటనీరు ఏడాది పొడవునా 22, 23 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అందుకే చలికాలంలో సముద్రం చల్లబడితే చేపలు నదిలోకి ఎక్కివస్తాయి. మానటీలూ వస్తాయి. అవి రక్షిత జంతువులు, వాటిని తరమడం, ఇబ్బంది పెట్టడం నేరం.

దీన్ని అక్కడ ఇన్‌షోర్ ఫిషింగ్ అంటారు. నడి సముద్రంలోకి పోరు. నది ముఖం దగ్గర, మడ చెట్ల పక్కన, ఆయిస్టర్ చిప్పల దిబ్బల మీద లోతు తక్కువ నీళ్లలోనే తిరుగుతారు. అలలు తక్కువ కాబట్టి పెద్దవాళ్లకు తల తిరగడం, వాంతుల బాధ అంతగా ఉండదు. పోటు, పాటు చూసుకుని కెప్టెన్ టైమ్ చెబుతాడు. నీరు కదలకపోతే చేప గాలం ముట్టదు. చిన్న బోట్లు నడిపే గైడ్లలో చాలామందికి ఆరుగురి వరకే ఎక్కించుకునే లైసెన్సు ఉంటుంది. ఏడుగురున్న కుటుంబమైతే ముందే చెప్పాలి. చేపల లైసెన్సు మాత్రం మీరు విడిగా తీసుకోనక్కర్లేదు, ఛార్టర్ బోటు లైసెన్సే అందరికీ వర్తిస్తుంది. ఆరేళ్లలోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి.

ఇక అసలు సంగతి. చాలామంది గైడ్లు చేపను పట్టి, ఫొటో తీసి, వదిలేయడమే ఆటగా చూస్తారు. సముద్రపు వేట హలాల్ అని సూరా మాయిదా 96వ ఆయత్‌లో ఉంది, అందులో సందేహం లేదు. కానీ ప్రాణమున్న దాన్ని సరదాకు గురిగా చేసుకోవద్దని హదీసు కూడా ఉంది. కేవలం వదిలేయడానికే పట్టడం గురించి మీ ఆలిమ్‌ను అడగండి. నా మటుకు నేను చెప్పేది, తినడానికి పట్టండి, కూరకు సరిపడా దొరికాక గాలం పక్కన పెట్టండి. ఈ మాట బుక్ చేసేటప్పుడే కెప్టెన్‌తో అనాలి, బోటెక్కాక కాదు.

అయినా కొన్ని చేపల్ని వదలక తప్పదు. చట్టం సైజు పెట్టింది. రెడ్‌ఫిష్ 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి. స్నూక్‌కు కొన్ని నెలలు వేటే బంద్. ఈ స్నూక్ మన పండుగప్పకు దూరపు చుట్టం, రుచీ అలాంటిదే. ఈ రూల్స్ మారుతుంటాయి, ఆ వారం రూల్ ఏమిటో కెప్టెన్‌నే అడగండి. వదిలే చేపను తడి చేత్తో పట్టుకుని, వీలైతే నీళ్లలోనే ఉంచి గాలం తీయాలి. పొడి చేతులు, టవల్ తగిలితే ఒంటి మీది జిగురు పొర పోయి తరవాత చచ్చిపోతుంది. జెల్ల చేప పడితే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, రెక్కల ముళ్లు గుచ్చుకుంటే విపరీతంగా నొప్పి పెడుతుంది.

చేపకు జబహ్ అక్కర్లేదని అందరికీ తెలిసిందే. ఐస్‌పెట్టెలో చచ్చిపోయినా హలాలే. తనంతట తాను చచ్చి నీళ్లపై తేలిన చేపను మాత్రం హనఫీలు తినరు, పీతలూ తినరు. రొయ్యల్లో మాత్రం హనఫీ ఉలమాల మధ్యే భేదాభిప్రాయం ఉంది.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఒడ్డుకు వచ్చాకే. మీరు పట్టిన చేపను వండిపెట్టే హోటళ్లు ఆ తీరంలో ఉంటాయి. వేపుడు పిండిలో బీరు కలపడం అమెరికాలో మామూలు, కొన్నిచోట్ల అదే నూనెలో పంది మాంసమూ వేయిస్తారు. అడగకుండా ఆర్డర్ ఇవ్వకండి. శుభ్రం చేసిన ముక్కలు ఐస్‌లో పెట్టుకుని ఇంటికి తెచ్చి, చింతపండు పులుసు పెట్టుకోవడం మేలు.

నమాజు సంగతికొస్తే, ఉదయం నాలుగు గంటల ట్రిప్ తీసుకుంటే మామూలుగా జొహర్‌కు ముందే ఒడ్డుకు చేరవచ్చు. జుమా రోజు వద్దు. మధ్యాహ్నం ట్రిప్ అయితే ఉప్పునీటితో వుజూ చేసుకోవచ్చు. బోటు ఊగి నిలబడలేకపోతే కూర్చుని చదవవచ్చు. అక్కడి నుంచి ఖిబ్లా ఈశాన్యం వైపు, బోటు తిరుగుతుంటుంది కాబట్టి లంగరు వేయించమని కెప్టెన్‌ను అడగండి.