మృతుల మెదడు – జీవించువారికి మేలు

తలకు పలుమారు దెబ్బలు తగిలిన కొందఱికి, ఏండ్లు గడచిన పిమ్మట జ్ఞాపకశక్తి క్షీణించి స్వభావము మారును. ఇది సి.టి.ఇ. అను వ్యాధి. 2002లో మరణించిన అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడునందు డాక్టరు బెన్నెట్ ఒమాలుగారు దీనిని గుర్తించిరి.

ప్రాణముండగా దీనిని నిశ్చయముగా తెలుపు పరీక్ష నేటికిని లేదు. మరణానంతరము మెదడును సూక్ష్మదర్శినితో చూడవలసినదే. కావున బోస్టను విశ్వవిద్యాలయమువారు కుటుంబములు దానమిచ్చిన మెదళ్లను పరీక్షించుచున్నారు. 2017లో ప్రకటించిన పరిశోధనయందు, అమెరికా జాతీయ ఫుట్‌బాల్ లీగులో ఆడినవారి 111 మెదళ్లలో 110 ఈ వ్యాధి గలవని తేలెను. అయితే అనుమానము గల కుటుంబములే మిక్కిలిగా దానమిచ్చుటచే, ఇది ఆటగాండ్రందఱి లెక్క కాదని మనము గ్రహింపవలెను.

శోకసమయమున అట్టి దానమునకు సమ్మతించుట సులభము కాదు. ఐనను ఆ కుటుంబములు పరుల బిడ్డల క్షేమమును కోరినవి. బాలురారా, ఆటలో తలకు దెబ్బ తగిలినచో దాచవలదు. వెంటనే ఆట మాని ఉపాధ్యాయునితో చెప్పుడని మా కోరిక.