కర్ర కొసన తగిలే రాయి

కరెంటు పోయిన రాత్రి చేతికర్ర పట్టుకుని పెరట్లోకి నడిచి చూడండి. దారిలో రాయి తగిలితే కర్ర అదిరేది మన అరచేతిలో. కానీ రాయి ‘తెలిసేది’ మాత్రం కర్ర కొసన. చేతిలో పుట్టిన స్పర్శను మెదడు మూడడుగుల అవతల పెట్టేసింది. మనిషికి కొత్త ఇంద్రియాలు అమర్చాలనుకునే శాస్త్రవేత్తలకు పెట్టుబడి ఈ గారడీయే.

అమెరికా శాస్త్రవేత్త పాల్ బాక్-ఇ-రీటా బృందం 1969లో ‘నేచర్’ పత్రికలో ఓ వింత కుర్చీ గురించి రాసింది. అది పాత పళ్ల డాక్టరు కుర్చీ. వీపు ఆనే చోట 20 వరసల్లో, వరసకు 20 చొప్పున 400 బుడిపెలు. పక్కనే ఒక టీవీ కెమెరా. దృశ్యంలో వెలుగు ఎక్కడుంటే అక్కడి బుడిపెలు అదురుతాయి. పుట్టుకతోనే చూపు లేనివారిని అందులో కూర్చోబెట్టారు.

కెమెరా కదలకుండా ఉన్నంతసేపూ వాళ్లకు తెలిసింది వీపు మీద గిలిగింతలే. దాన్ని తామే తిప్పుకుంటూ కొన్ని గంటలు సాధన చేశాక మాత్రం టెలిఫోను, కప్పు తమ ఎదుటే ఉన్నట్టు తోచాయి. ఒకసారి చెప్పకుండా కెమెరా జూమ్ కదిపితే, కూర్చున్న మనిషి చేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి వాలిపోయాడు. అదురు పుట్టింది వెనక, అతను తప్పించుకోబోయింది ముందు నుంచి వచ్చే వస్తువును!

పుర్రె లోపలంతా చీకటే. కన్ను పంపినా చర్మం పంపినా మెదడుకు అందేవి విద్యుత్ సంకేతాలే. ‘నేనిలా కదిలితే సంకేతం అలా మారుతోంది’ అన్న లెక్క కుదిరిందంటే, అది ఏ దారిన వచ్చిందన్న పట్టింపు మెదడుకు పెద్దగా ఉండదు.

మరి మనిషికి అసలే లేని ఇంద్రియం మాటేమిటి? జర్మనీలోని ఓస్నాబ్రూక్‌లో పీటర్ కోనిగ్ బృందం నడుముకు పెట్టుకునే ఒక బెల్టు చేసింది. దాని చుట్టూ సెల్‌ఫోన్‌ను అదిరించే మోటార్ల వంటివి ఉంటాయి. దిక్సూచి చెప్పిన ప్రకారం ఉత్తరం వైపున్నది మాత్రమే అదురుతుంది. మనిషి తిరిగితే అదురు నడుము చుట్టూ తిరుగుతుంది. నలుగురు ఆరు వారాల పాటు దాన్ని కట్టుకున్నారు. 2005లో ఫలితాలు వెలువడ్డాయి. నలుగురిలో ఇద్దరికి, అదురు తెలియడం పోయి దిక్కు తెలియడం మొదలైంది. మిగతా ఇద్దరికి అంతటి మార్పు కనిపించలేదు.

హద్దులూ ఉన్నాయి. మన రెటీనాలో వెలుతురును పట్టే కణాలు 12 కోట్ల పైచిలుకు, ఆ కుర్చీలో చుక్కలు 400. ఆ కుర్చీ పద్ధతిలోనే పనిచేసే, నాలుక మీద పెట్టుకునే ‘బ్రెయిన్‌పోర్ట్’ అనే పరికరానికి 2015లో అమెరికా ప్రభుత్వం అనుమతినిచ్చింది. అదీ చూపును తిరిగి ఇవ్వదు, దారి వెతుక్కోవడానికి సాయపడుతుందంతే.

ఈసారి కరెంటు పోయినప్పుడు మరో పని చేయండి. కర్రను నేలకు ఆనించి, కదపకుండా ఊరికే నిలబడండి. కాసేపటికి రాయీ ఉండదు, నేలా ఉండదు. చేతిలో కర్ర ఒక్కటే మిగులుతుంది.